ఎవరి మీద అనుమానం

ఆరో ఆదివారం ఇది, ఆఖరిది కూడా. ఇవాళన్నా చెప్పకపోతే ఈ ఎస్సై రఘువీర్ సింగు ఇంకెప్పుడు చెప్పినట్టు, ఒకసారి రాసిచ్చిన కంప్లయింటులోంచి ఒక పేరు ఎలా తీసెయ్యాలో, తీసేటప్పుడు మన పేరు పైకి రాకుండా ఎలా తీసెయ్యాలో, అది చెప్పవయ్యా మహానుభావా, నేనొచ్చింది అందుకు, మీ సమోసాలకి కాదు, చివర్లో ఇచ్చే సర్టిఫికెట్టుకి అంతకన్నా కాదు. మా ఫ్లాట్ల సొసైటీ కమ్యూనిటీ హాల్లో, తంబోలా ఆడుకునే ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టి, మీ పోలీసుల్ని మీరు తెలుసుకోండి అని క్లాసులు. మొదటి వారం బీటు కానిస్టేబులంటే ఎవరు, రెండో వారం ఎఫ్ఐఆర్ అంటే ఏమిటి, మూడో వారం ఫోన్లో మోసాలు, నాలుగో వారం పనివాళ్ళ వెరిఫికేషను. ఆ నాలుగో వారం చూడాలి, హాలు కిటకిటలాడిపోయింది, కుర్చీలు చాలక జనం గోడల వెంట నిలబడ్డారు, తమ గిన్నెలు తోమేవాళ్ళ పుట్టుపూర్వోత్తరాలంటే ఎంత ఆసక్తో ఒక్కొక్కరికీ, వాళ్ళ వేలిముద్రలు కూడా తీసుకోవచ్చా అని అడిగింది ఒకావిడ. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. తేలు కుట్టిన దొంగ అంటారే, అచ్చం అలాగ.

ఈ ఎస్సై బాగా చెప్తాడు, అదే నా మంట. తిన్నగా, మర్యాదగా, ప్రతి మాటకీ మేడమ్ జీ, సర్ జీ, బోర్డు మీద బాణం గుర్తులు గీసి, ఠాణాలో కాగితం ఏ బల్ల మీంచి ఏ బల్ల మీదికి పోతుందో మా మంత్రిత్వశాఖలో సెక్షనాఫీసర్లకి కూడా చేతకానంత చక్కగా చెప్తాడు. వెధవ అయ్యుంటే బాగుండేది. పాన్ నములుతూ, కాలు మీద కాలేసుకుని, ఆడవాళ్ళని ఎగాదిగా చూసే రకం అయ్యుంటే తప్పంతా అతని నెత్తిన పెట్టేసి హాయిగా ఇంటికి పోయి పప్పు తాలింపు వేసుకునేదాన్ని. ఇక్కడ ఇంత బాగా చెప్పే మనిషి పనిచేసే ఠాణాలోనే కదా మా పనిమనిషి కస్తూరిని రాత్రంతా కూర్చోబెట్టారు. ఆ రాత్రి డ్యూటీలో నువ్వున్నావా నాయనా, లేవా, అడగాలని ఆరు వారాల నుంచీ నాలుక కొన మీద ఉంది. అడిగితే, మీకెలా తెలుసు మేడమ్ జీ అంటాడు. నాకెలా తెలుసు. రాసింది నేనే కాబట్టి తెలుసు.

పోయింది ల్యాప్‌టాపు. నాది కూడా కాదు, ప్రభుత్వం వారిది, వెనకాల తెల్లరంగుతో నంబరు రాసున్నది. మార్చి నెల, ఆఫీసు నుంచి వస్తూ మెట్రో స్టేషన్లో బ్యాగులు ఎక్స్‌రే మిషన్లోకి తోసి ఇవతలికొచ్చాను, హ్యాండుబ్యాగు వచ్చింది తీసుకున్నాను, టిఫిన్ సంచి వచ్చింది తీసుకున్నాను, వెనకనుంచి ఒక పిల్ల ‘ఆంటీ, జల్దీ కీజియే నా’ అంది, త్వరగా కానివ్వమని. నాకు ఒళ్ళు మండిపోయింది. యాభై ఏడేళ్ళొచ్చాయి, అండర్ సెక్రటరీని, పొద్దుటి నుంచీ పార్లమెంటు ప్రశ్నకి జవాబు తయారుచేసి చేసి కళ్ళు పీక్కుపోయి ఉన్నాను, నన్ను తోస్తుందా ఈ పిల్ల అని వెనక్కి తిరిగి దాన్ని నాలుగు దులిపి, ఆ ఊపులోనే గబగబా మెట్లు దిగి రైలెక్కేశాను. ల్యాప్‌టాపు బ్యాగు ఆ బెల్టు మీద బయటికొచ్చి ఎవరి కోసం చూసిందో ఏమో. ఇంటికొచ్చి సంచులు దింపితే రెండే ఉన్నాయి. నా కోపమే పోగొట్టింది దాన్ని. మా అమ్మ చెప్తూనే ఉండేది, నీ కోపమే నీకు శత్రువే నాగమల్లేశ్వరీ అని. శత్రువు నాకైతే సరే, మధ్యలో కస్తూరికి ఏమిటి సంబంధం.

మర్నాడు పొద్దున్నే మెట్రో స్టేషనుకి పోయి అడిగాను, రిజిస్టరు తిరగేసి ఇక్కడ జమ కాలేదన్నారు, రాతపూర్వకంగా ఇవ్వండి, కెమెరాలో చూస్తాం అన్నారు. కెమెరా అనగానే నా కాళ్ళు వెనక్కి వచ్చేశాయి. కెమెరాలో ఏం కనిపిస్తుంది, బ్యాగు వదిలేసి ఎవరితోనో పోట్లాడుతూ పోతున్న నేను కనిపిస్తాను. ఆఫీసులో స్టోర్సు సెక్షను వాడు తలుపు దగ్గరగా వేసి చెప్పాడు, మేడమ్, పోగొట్టుకున్నాను అని రాస్తే నిర్లక్ష్యం అవుతుంది, సంజాయిషీ, మెమో, విజిలెన్సు క్లియరెన్సు ఆగుతుంది, డిప్యూటీ సెక్రటరీ ప్రమోషను ఫైలు పైన నడుస్తోంది కదా, అదే దొంగతనం అనుకోండి, ఎఫ్ఐఆర్ కాపీ ఒకటి జతచేస్తే చాలు, రికార్డులోంచి కొట్టేస్తాం. రిటైరయ్యే ముందు ఒక్క మెట్టు. ముప్పై మూడేళ్ళు పాకితే కనిపించిన ఒక్క మెట్టు. ఇంటికొచ్చి ఈయనకి చెప్పాను. మా ఆయన లక్ష్మీనారాయణ గారు ఆడిట్‌లో పనిచేసి రిటైరయ్యారు, ఎదుటివాడి కాగితంలో తప్పు పట్టడం తప్ప ఇంకేం రాదు, ఆ రోజు మాత్రం దివ్యమైన సలహా ఇచ్చారు. ఇంట్లోంచి పోయిందని రాసెయ్యవే, ఇంట్లో కెమెరాల్లేవుగా, ఈ ఊళ్ళో మెళ్ళో గొలుసు తెంపుకుపోతేనే పోలీసులు రారు, ల్యాప్‌టాపుకి వస్తారా, కాగితం కోసమేగా అన్నారు. కాగితం కోసమే. నేనూ అదే అనుకున్నాను. ముప్పై మూడేళ్ళుగా ఈ ఢిల్లీలో నాకు తెలిసిన పోలీసుల గుణం ఒకటే, కదలరు. కదలరనే ధైర్యంతోనే రాశాను.

ఆ ఫారంలో ఏడో కాలమ్. ‘ఎవరి మీదైనా అనుమానం ఉందా, ఉంటే పేరు, వివరాలు.’ దాన్ని ఖాళీగా వదిలెయ్యొచ్చు. ఎవరూ లేరని రాయొచ్చు. రెండో వారం ఇదే హాల్లో ఇదే రఘువీర్ సింగు చెప్పాడు, అనుమానం లేకపోతే వదిలెయ్యండి, దానివల్ల ఎఫ్ఐఆర్ ఆగదు అని. వదిలెయ్యొచ్చట! నేను ఎన్ని ఫైళ్ళు తిప్పికొట్టానో జీవితంలో, ప్రొఫార్మా అసంపూర్ణం, ఫలానా కాలమ్ నింపలేదు, తిరిగి సమర్పించవలెను అని ఎర్రసిరాతో రాసి. ఖాళీ గడి చూస్తే నాకు చెయ్యి ఆగదు. దాన్ని ఖాళీగా వదిలితే ఠాణాలో ఎవడో తిప్పికొడతాడని, ఇంకోసారి ఆ గుమ్మం ఎక్కాల్సొస్తుందని, నింపాను. కస్తూరి, సుమారు ముప్పై ఎనిమిదేళ్ళు, ఇంటి పనిమనిషి, ఇంటి తాళంచెవి ఒకటి ఈమె వద్ద కూడా ఉండును. చూశారా నా తెలివి, అనుమానిస్తున్నాను అని రాయలేదు. ఒక్క అక్షరం అబద్ధం లేదు అందులో. వయసు నిజం, పని నిజం, తాళంచెవి నిజం. అన్నీ నిజాలే పేర్చి అంత పచ్చి అబద్ధం కట్టడం నాకు ఈ సర్కారు నేర్పిన విద్య, డ్రాఫ్టింగులో నన్ను మించినవాళ్ళు లేరని మా జాయింటు సెక్రటరీ నా రిపోర్టులో రాసిన మాట కూడా ఉంది.

ఇప్పుడు లైట్లు ఆర్పుతున్నారు. ప్రొజెక్టరు వేస్తున్నాడు. సొసైటీ ప్రెసిడెంటు లేచి మైకులో ఏదో అంటున్నాడు, మన సొసైటీలోనే జరిగిన కేసట, ఇరవై నాలుగ్గంటల్లో పోలీసులు అనుమానితుల్ని పట్టుకున్న కేసట, ఆదర్శంగా ఉంటుందని ఎస్సై గారిని అడిగి చూపిస్తున్నారట. తెర మీద కాగితం. పేర్లున్న చోట నల్ల గీతలు కొట్టారు. అయినా నా రాత నాకు తెలియదా, క్రమసంఖ్యలు, పేరాకీ పేరాకీ మధ్య ఒక వేలెడు ఖాళీ, చివర ‘తగు చర్య నిమిత్తం సమర్పించడమైనది’కి హిందీ. నాదే. దేవుడా, నా కాగితమే. రఘువీర్ సింగు కర్ర తీసుకుని చూపిస్తున్నాడు, చూడండి, ఎంత శుభ్రంగా ఉందో, తేదీ, సమయం, వస్తువు నంబరు, ఒక్క కాలమ్ కూడా ఖాళీ లేదు, కంప్లయింటు ఇలా ఉంటే మా పని సగం అయిపోయినట్టే, మీరందరూ ఇలా రాయడం నేర్చుకోవాలి. హాల్లో తలలూపుతున్నారు. పక్కావిడ ఫోను ఎత్తి ఫోటో తీసుకుంటోంది, రేపు ఎవరి పేరు రాయడానికో. చాల్లే సంబడం, ఆపవయ్యా, ఆపు. ఏడో కాలమ్ దగ్గర ఆగాడు, ఇది అన్నిటికన్నా ముఖ్యం అంటున్నాడు. ఆ నల్లగీత కింద కస్తూరి ఉంది.

తొమ్మిదేళ్ళు మా ఇంట్లో చేసింది. బొబ్బిలి దగ్గర మనిషి, మురుగు నాలా దాటాక ఉన్న తెలుగు బస్తీలో కాపురం. మన తెలుగుదే కదా అని నేనే వెతికి పెట్టుకున్నాను, హిందీలో అరిస్తే నాకు కోపం తీరినట్టుండదు మరి. నేను అరిస్తే తను ఊరుకునే రకమూ కాదు. ఏటమ్మా పొద్దుటేల మొదలెట్టేసేరు, టిఫిన్ తినేసి అరవండి, ఓపికుంటాది అనేది. గిన్నెలు తోముతూ ఫోను స్పీకర్లో పెట్టి ఊళ్ళో చెల్లెలితో గంటలు గంటలు మాట్లాడేది, వాళ్ళ ఊరి సంగతులన్నీ నాకు తెలిసిపోయాయి, వాళ్ళ చెల్లెలి తోటికోడలికి థైరాయిడని కూడా. చికున్‌గున్యా వచ్చి నేను మంచం మీంచి లేవలేకపోతే, ఈయన కాఫీ కలిపిచ్చి తన పని అయిపోయిందనుకుంటే, నాకు తల దువ్వి జడేసింది ఆవిడే. జుట్టు చిక్కు తీస్తూ నన్నూ తిట్టింది, దోమనీ తిట్టింది. మా ఇంటి తాళంచెవి చున్నీ లోపలవైపు పిన్నీసుతో గుచ్చుకుని ఉండేది, పారేసుకుంటే మీరు సంపేస్తారు అనేది. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి పారేసుకోలేదు. పారేసుకున్నది నేను.

వచ్చారు పోలీసులు. జన్మలో కదలనివాళ్ళు ఆ ఒక్కసారి కదిలారు. ప్రభుత్వ ల్యాప్‌టాపు, మంత్రిత్వశాఖ, అండర్ సెక్రటరీ, ఇన్ని పెద్ద మాటలు ఒకే కాగితంలో చూసేసరికి వాళ్ళకి కాళ్ళొచ్చాయి. సాయంత్రం ఏడింటికి బస్తీకి పోయి తీసుకుపోయారు, మర్నాడు పదకొండింటికి వదిలారు, మధ్యలో ఏం జరిగిందో నేను అడగలేదు, అడక్కుండానే కాపలావాడు చెప్పాడు, చెంప వాచి ఉంది మేడమ్ అని. ఆ మధ్యాహ్నానికల్లా గేటు యాప్‌లో ఆవిడ ఫోటో మీద ఎర్రగీత పడింది, ప్రవేశం లేదు. పనిచేసే ఐదిళ్ళూ పోయాయి ఒక్క రోజులో. ఇంకో సొసైటీకి పోతే అక్కడా వెరిఫికేషన్ ఫారం, అందులోనూ ఒక కాలమ్, ఏదైనా కేసులో పేరుందా అని. ఎవరో నాలాంటి మహాతల్లి శ్రద్ధగా నింపుతుంది దాన్ని. వస్తువేదీ దొరకలేదు, అరెస్టూ చెయ్యలేదు, కేసు మూయనూ లేదు, ఐదు నెలలుగా అలా వేలాడుతూ ఉంది. నాకు మాత్రం ఎఫ్ఐఆర్ కాపీ వచ్చేసింది. ల్యాప్‌టాపు రికార్డులోంచి కొట్టేశారు. ప్రమోషను జూన్‌లో వచ్చింది, ఈయన స్వీట్లు పంచారు, ఆ గిన్నెలు తోమడానికి కొత్తమనిషిని పెట్టాం.

ఒక్కసారి వచ్చింది కస్తూరి. లోపలికి రానివ్వరు కదా, గేటు దగ్గర నిలబడి కాపలావాడి చేత ఇంటర్‌కామ్ చేయించింది. నేను దిగాను. ఎందుకు దిగానో, దిగకుండా ఉండలేకపోయాను. చున్నీ లోపలి పిన్నీసు తీసి తాళంచెవి నా చేతిలో పెట్టింది, పెట్టి, నా మొహంలోకి చూసి, "నా పేరు మీరే రాసేరా అమ్మా?" అంది. తిడుతుందనుకున్నాను, నా జుట్టు పట్టుకున్నా ఆశ్చర్యపోయేదాన్ని కాదు. అంత నెమ్మదిగా ఆవిడ మాట్లాడటం తొమ్మిదేళ్ళలో నేను వినలేదు. నేనేమన్నాను. ముప్పై మూడేళ్ళ సర్వీసు చేసిన నోటితో నేనన్న మాట ఇది. "ఫారంలో ఆ కాలమ్ ఉంది కస్తూరీ, నింపాలి." ఆవిడ తలూపింది. కాలమ్ అంటే ఏమిటో అర్థమై ఊపిందో, నేనేమిటో అర్థమై ఊపిందో. అప్పటి నుంచీ ఆ తాళంచెవి నా హ్యాండుబ్యాగులో ఉంది, ఇప్పుడూ ఉంది, పిన్నీసుకి తగిలి తగిలి ఒక పక్క నునుపుదేలి.

లైట్లు వేశారు. ప్రశ్నలేమైనా ఉన్నాయా అంటున్నాడు. నా చెయ్యి లేచిపోయింది. ఊరికే, తెలుసుకుందామని అన్నట్టు నవ్వు పులుముకుని అడిగాను, ఏడో కాలమ్‌లో పొరపాటున ఎవరి పేరైనా రాసేస్తే, తర్వాత ఎలా తీస్తారండీ. మంచి ప్రశ్న మేడమ్ జీ అన్నాడు. పేరు తియ్యడం అంటూ లేదట, పెన్సిలు రాత కాదట. రాసినవాళ్ళే వచ్చి, అప్పుడు రాసింది తప్పు, జరిగింది ఇది అని మళ్ళీ రాతపూర్వకంగా ఇవ్వాలట, అది రికార్డులో చేర్చి కేసు మూస్తారట. అయితే పోలీసులకి అబద్ధపు సమాచారం ఇవ్వడం కూడా నేరమే కాబట్టి రాసినవాళ్ళ మీద చర్య ఉండొచ్చట. "అందుకే ఎవరూ రారు మేడమ్ జీ. పధ్నాలుగేళ్ళ సర్వీసులో ఒక్కరు రాలేదు," అన్నాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, సిగ్గులేని మొహం. ఆరు ఆదివారాలు కాచుకున్న జవాబు ఇదా. నా పేరు పైకి రాకుండా కస్తూరి పేరు తీసే దారి లేదు, ఈ దేశంలో అన్నిటికీ దొంగదారులున్నాయి గాని దీనికి లేదు. ఆపైన ఇంకో మాట కూడా చెప్పాడు, ఇవాళ్టి పాఠంలో మిగిలిపోయిందని, ఆడవాళ్ళని విచారించాలంటే పోలీసులే వాళ్ళింటికి వెళ్ళాలి గాని ఠాణాకి పిలవకూడదు, పొద్దు గూకాక అసలే కూడదు, ఇది మీ హక్కు, గుర్తుపెట్టుకోండి అని. ముందు వరస ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. వాళ్ళ హక్కుకి వాళ్ళు చప్పట్లు కొట్టుకున్నారు. నాకు చెవులు గింగుర్లెత్తాయి.

ఖాళీ ఫారాలు పంచుతున్నారు, అభ్యాసం కోసం, ఏదో ఒక ఊహ అల్లుకుని నింపండి, ఎస్సై గారు చూసి తప్పులు చెప్తారు అని. పక్కావిడ అప్పుడే కుక్కపిల్ల పోయిందని మొదలెట్టింది. నా ముందు తెల్ల కాగితం, ఏడో కాలమ్ ఖాళీగా. రిటైర్మెంటుకి రెండేళ్ళు, పెన్షను, ఈయన మొహం, మంత్రిత్వశాఖ లిఫ్టులో జనం గుసగుసలు, అన్నీ ఒక్కసారిగా వచ్చి నా ఎదురుగా కూర్చున్నాయి, కూర్చోండి, నాకేం. ఎవరి మీద కోపం నాకు. స్టోర్సువాడి మీదా, ఈయన మీదా, చెంప మీద కొట్టిన ఆ చెయ్యి మీదా, నన్ను ఆంటీ అన్న పిల్ల మీదా. ఐదు నెలలుగా అందరి మీదా చెయ్యి చాపి చూపించి, ఒక్క మనిషిని మాత్రం వదిలేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నావే అంటోంది లోపల అమ్మ. కాలింది నా చేతులు కాదమ్మా, అదే కదా. కలం తీశాను. ఒకటో కాలమ్, ఫిర్యాదుదారు, నా పేరు, హోదా, ఫ్లాటు నంబరు. జరిగిన సంగతి, మెట్రో స్టేషను పేరు, తేదీ, సమయం, నేను వదిలేసి వెళ్ళిన బెల్టు. మార్చి నెలలో నేనిచ్చిన కంప్లయింటు అబద్ధం, కస్తూరికి దీంతో ఏ సంబంధమూ లేదు. డ్రాఫ్టింగులో నన్ను మించినవాళ్ళు లేరు కాబట్టి ఇది కూడా శుభ్రంగా రాశాను, పేరాకీ పేరాకీ మధ్య వేలెడు ఖాళీతో. ఏడో కాలమ్‌లో నా పేరే రాశాను.

అందరూ సమోసాల వైపు పోయాక తీసుకెళ్ళి అతని చేతిలో పెట్టాను. రఘువీర్ సింగు నవ్వుతూ చదవడం మొదలెట్టి, మధ్యలో నవ్వు మాని, చివరిదాకా చదివి, చుట్టూ చూసి, గొంతు బాగా తగ్గించాడు. మేడమ్ జీ, ఇది అభ్యాసం కాగితమే కదా అన్నాడు. కాదన్నాను. మీరు ఉద్యోగంలో ఉన్నారు, ఆలోచించుకోండి, ఆ కేసు ఎలాగూ ఏడాదికి తనంతట తనే మూసేస్తాం అన్నాడు. ఆ ఏడాది ఆవిడ ఏం తింటుంది అన్నాను. అతను, నన్ను ఓదార్చాలనే అనుకుంటాను, పాపం మర్యాదస్తుడు, ఇలా అన్నాడు. "సరే, కంగారు పడకండి. మీరు ఠాణాకి రానక్కర్లేదు. ఆడవాళ్ళు కదా, మేమే మీ ఇంటికొచ్చి, పగటిపూట, నెమ్మదిగా రాసుకుంటాం."

నా ఒళ్ళంతా భగ్గున మండింది. అరవలేదు. జీవితంలో మొదటిసారి, అంత కోపంలో అరవలేదు.

"కస్తూరికి చెప్పారా ఈ మాట?"

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకోబోయాడు. ఏ కాగితం ఇచ్చినా రిసీవ్డ్ ముద్ర వేయించుకుని కాపీ తీసుకోకుండా కదలకండి అని రెండో వారం మీరే చెప్పారు, నాకు ముద్ర కావాలి అన్నాను. ముద్ర ఇక్కడ లేదు మేడమ్ జీ, ఠాణాలో ఉంది అన్నాడు. హ్యాండుబ్యాగు భుజాన వేసుకున్నాను, లోపల తాళంచెవి చేతికి తగిలింది.

"అయితే పదండి, ఠాణాకే. ఆవిడని కూర్చోబెట్టిన చోటే కూర్చుని రాసిస్తాను."